బీదర్‌కు మోనజైట్ లేకున్నా... నీళ్లిచ్చే రాయుంది!

దూరపు కొండలు నునుపు. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి ఆంక్షలు పెట్టినప్పటి నుంచి ఎక్కడ విన్నా మోనజైట్ మాటే. అదేదో బీదర్ ఎర్రమట్టిలోనూ దొరికితే కరువు తీరిపోను కదా అనిపించడం సహజం. కానీ రాయి ఎవరి మాటా వినదు. దాని పుట్టుక ఎట్లాగో, దాని గుణమూ అట్లాగే.

మోనజైట్ ఒక ఫాస్ఫేట్ ఖనిజం. సీరియం, లాంథనం, నియోడిమియంతో పాటు థోరియం కూడా ఇందులో ఉంటుంది. ఇది ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి భూమి లోతుల్లోకి కూరుకుపోవాలి. అక్కడ వేడికీ ఒత్తిడికీ రూపం మారాలి. వేడి సుమారు 500 డిగ్రీలు దాటేసరికి ఆ రాతిలోని అల్లనైట్ లాంటి ఖనిజాలు విరిగి, వాటిలోని రేర్ ఎర్త్ మూలకాలు ఫాస్ఫేట్‌తో కలిసి మోనజైట్ గింజలు కడతాయి. రాతిలో సున్నం పాలు ఎక్కువైతే అల్లనైటే నిలబడుతుంది, మోనజైట్ రావడం ఆలస్యమవుతుంది.

పుట్టినది గిట్టక తప్పదు. వేడి ఇంకా పెరిగి రాయి కరగడం మొదలైతే మోనజైట్ కూడా ఆ ద్రవంలో కరిగిపోతుంది, చల్లబడేటప్పుడు మళ్లీ గింజ కడుతుంది. రాయి పైకి వచ్చే దారిలో వేడినీటి ద్రవాలు తగిలితే గింజ అంచులు చెడి అపటైట్, అల్లనైట్‌లుగా మారతాయి. గింజలోని థోరియం, యురేనియం కొద్దికొద్దిగా సీసంగా మారుతుంటాయి. ఆ సీసాన్ని లెక్కగట్టి ఏ మార్పు ఎప్పుడు జరిగిందో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నారు. ఒకే గింజలో నడిమి వయసు వేరు, అంచు వయసు వేరుగా ఉండటం కద్దు.

తెలుగునాట దీనికి సాక్ష్యం తూర్పు కనుమలు. సింహాచలం కొండ ఖొండలైట్ రాయి. ఆ కనుమల్లోని మోనజైట్ గింజలు చాలావరకు సుమారు వంద కోట్ల ఏళ్ల నాటి మార్పులను చెబుతాయి. కొండ చివికి మట్టి అయినా మోనజైట్ మాత్రం అంత తొందరగా చెడదు. నీటి కంటే అయిదు రెట్లు బరువు కాబట్టి వాగుల వెంట సముద్రానికి చేరి, అలలు తేలిక ఇసుకను ఊడ్చుకుపోగా తీరంలో మిగులుతుంది. భీమిలి, శ్రీకాకుళం తీరాల నల్లఇసుక కథ ఇదే. దేశంలో కోటీ 31 లక్షల టన్నుల మోనజైట్ ఉన్నట్టు 2025లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఈ లెక్కలు కట్టే అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

మరి బీదర్ సంగతి? ఇక్కడి రాయి కథ వేరు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పారిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. అందులో రేర్ ఎర్త్, థోరియం పాళ్లు తక్కువ. ఆ తర్వాత అది లోతుకు పోయి కాగిందీ లేదు. కాబట్టి మోనజైట్ ఆశ అడియాసే. కానీ వేడి చేయని పని వాన చేసింది. లక్షల ఏళ్లు నానిన నల్లరాయిలోంచి సున్నం, మెగ్నీషియం, సిలికా కొట్టుకుపోయాయి. ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రటి లేటరైట్ అయింది. నిండా బొక్కలే. తవ్వేటప్పుడు మెత్తన, గాలి తగిలితే గట్టి. కోట చుట్టూ మూడు వరసల కందకం తొలిచింది ఈ రాతిలోనే.

ఆ బొక్కలే బీదర్ సిరి. వాన నీరు వాటిగుండా దిగి, కింద బంకమట్టి పొర, నల్లరాయి అడ్డం పడగానే పక్కకు నడుస్తుంది. నానక్ ఝరా, నరసింహ ఝరణి ఊటలు ఇట్లా వచ్చినవే. బహమనీల కాలంలో నౌబాద్ దగ్గర తవ్విన సురంగ బావి ఈ కిటుకు మీదే నడిచింది. నేల కింద సొరంగం, పైన వరుసగా బావులు. కరెంటూ లేదు, మోటారూ లేదు. 2015 ప్రాంతంలో పూడిక తీస్తే లోపల నీళ్లు కనబడ్డాయి. అయిదారు వందల ఏళ్ల నాటి పని ఇంకా పనికొస్తుందని తేలింది.

అట్లాంటి రాతిని చూస్తున్న తీరేమిటి? ఇంటికి ఇటుక, రోడ్డుకు మొరం, ప్లాటుకు చదును. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టుంది వరస. లేటరైట్ తవ్వేస్తే వాన నిలిచే చోటే పోతుంది. పైన సిమెంటు పరిస్తే నీళ్లు దిగవు. సెప్టిక్ ట్యాంకు తవ్వితే అదే బొక్కల్లోంచి మురుగు బావిలోకి దిగుతుంది. ఇల్లు కట్టుకోవద్దని ఎవరూ అనరు. రాయి కొట్టి బతికే కూలీల పొట్ట కొట్టమనీ కాదు. కానీ ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకూడదో ఒక గీత ఉండాలి.

సురంగ బావి పోయే దారి పొడుగునా రాళ్లు పాతి హద్దు చూపాలి. ఆ హద్దులో మొరం తవ్వకం, సెప్టిక్ గుంతలు ఆపాలి. ఎర్రనేల జహీరాబాద్ వైపూ ఉంది. రాష్ట్ర సరిహద్దు కాగితం మీదే తప్ప నేల కింద నీటికి లేదు. కాబట్టి రెండు వైపుల అధికారులూ కూర్చుని మాట్లాడుకోవాలి.

మోనజైట్ తీస్తే ఒక్కసారి తీస్తారు. నీళ్లిచ్చే రాయి ఏటా ఇస్తుంది, దాన్ని ఉండనిస్తే. ఈ వానాకాలానికి ముందే ఆ గీత గీస్తే బీదర్ బాగుపడుతుంది.