ఆర్టిస్టు గారూ, ఆ బగ్ సంగతేంటి?

ఆఫీసులో మనకు జ్వరం వస్తే నలుగురు పలకరిస్తారు. బండి మీంచి పడితే పండ్లు పట్టుకుని ఇంటికొస్తారు. అదే మనం గీసిన బొమ్మలకు ఊళ్లో పేరొచ్చిందని తెలిస్తే మాత్రం ముందు కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత డైలాగులు. "మాకైతే టైమే దొరకది భయ్, నీకెట్ల దొరుకుతది?" "ఆర్టిస్టు గారూ, ఆ బగ్ సంగతేంటి?" "జల్దీ రిజైన్ చేస్తున్నవా ఏంది?" అన్నీ నవ్వుతూనే అంటారు. మనమూ నవ్వాలి. నవ్వకపోతే "గింత సీరియస్ అయితే ఎట్ల" అని అదొకటి.

ఈ వారం ఊరి సంగతులు పక్కనపెట్టి నా సొంత గోల రాస్తున్నా. ఎందుకంటే ఇది నా ఒక్కడి గోల కాదు. పగలు కోడ్ రాసి రాత్రి కీబోర్డు వాయించేవాళ్లు, వీకెండ్‌లో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు, రీల్స్ కోసం మిమిక్రీ చేసేవాళ్లు... అందరి ఆఫీసుల్లోనూ ఇదే సినిమా నడుస్తోంది.

నాది స్కెచింగ్ పిచ్చి. ఆదివారం తెల్లారగానే బ్యాగులో స్కెచ్‌బుక్, వాటర్‌ప్రూఫ్ ఇంకు పెన్ను, చిన్న రంగుల డబ్బా వేసుకుని నిజామాబాద్ నుంచి బోధన్ రోడ్డు పడతా. ఫొటో చూసి కాదు, ఎదురుగా కూర్చుని అక్కడికక్కడే గీయాలి. దీన్ని ప్రపంచమంతా అర్బన్ స్కెచింగ్ అంటోంది. సియాటిల్‌లో గాబ్రియేల్ కంపనారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన గ్రూపు ఇప్పుడు ఎన్నో దేశాలకు పాకింది. బోధన్ అర్బనా, రూరలా అన్న చర్చ మనకొద్దు.

నేను గీసినవాటిలో ఎక్కువ శక్కర్‌నగర్‌వే. మన ఈడు వాళ్లలో చాలామందికి ఆ పేరు బస్సు స్టాపుగానే తెలుసు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931కి పూర్తయింది. కాలువ నీళ్లొచ్చాయి, బోధన్ చుట్టూ చెరుకు లేచింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ క్వార్టర్లు, బడి, బజారు అన్నీ కలిసి ఏకంగా ఓ ఊరే అయింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మాది అని మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఛాతీ విరిచి చెప్తారు. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. మెట్‌పల్లి, మెదక్ యూనిట్లదీ అదే కథ.

పొగ రాని పొగగొట్టాన్ని గీయడం చాలా కష్టం. పొగ ఉంటే బొమ్మకు కదలిక వస్తుంది. లేకపోతే కాగితం మధ్యలో నిలబెట్టిన కర్రలా ఉంటుంది. దానికి ప్రాణం రావాలంటే పక్కన గోడలో మొలిచిన రావి మొక్క కావాలి, గేటు ముందు ఆగిన మేకలు కావాలి. తుప్పుకు ఉత్త బర్న్‌ట్ సియెన్నా చాలదు, చిటికెడు నీలం కలిపితేనే ఇనుము ఇనుములా కనపడుతుంది. ఇక మే నెలలో మన ఎండ సంగతి తెలుసు కదా, రంగు కాగితం మీద పరుచుకునేలోపే ఆరిపోయి మరకలు కడుతుంది. అందుకే 300 జీఎస్‌ఎం కాగితం, ముందుగానే తడపడం, చెట్టు నీడ. ఈ మూడూ ఉంటే నలభై నిమిషాల్లో ఓ బొమ్మ అవుతుంది.

అలా పోగైన వాటిలోంచి 12 ఏరి క్యాలెండర్ వేయించా. బోధన్ లైను విడిపోయే జాన్కంపేట్ జంక్షన్, మంజీర వంతెన, వెనక చెరుకు గడలు ఈడ్చుకుంటూ పోయే ట్రాక్టర్, క్వార్టర్ల వరస, ఫ్యాక్టరీ గేటు... వేసింది 200 కాపీలు. పది రోజుల్లో అయిపోయాయి. కొన్నదంతా ఎవరనుకున్నారు? ఫ్యాక్టరీలో పనిచేసి ఇంటికొచ్చేసిన వాళ్లు, ఎక్కడెక్కడో స్థిరపడిన వాళ్ల పిల్లలు. ఓ పెద్దాయన ఫోన్ చేసి, "బిడ్డా, మార్చి నెల బొమ్మల ఎడమ దిక్కు తలుపు మా ఇల్లే. ఆడ ఓ గుంజ ఉండె, దానికి బర్రెను కట్టేటోళ్లం. నువ్వు గుంజ గీయలే" అన్నాడు. నేను గీసేనాటికి ఆ గుంజ లేదు తాతా అంటే, "అవ్, అదే చెప్తున్న" అన్నాడు. ఇంకో అమ్మ, ఏడాది అయిపోయినా పారేయను, తేదీలు కత్తిరించి బొమ్మలకు ఫ్రేము కట్టిస్తా అంది.

ఆరేళ్ల ఉద్యోగంలో నేను రాసిన కోడ్ చూసి ఎవరూ ఫోన్ చేసి "ఫలానా లైన్లో గుంజ లేదు" అనలేదు. (అన్నారనుకోండి, కానీ దాన్ని బగ్ అంటారు.)

సరిగ్గా ఆ నెలలోనే ఆఫీసులో వాతావరణం మారింది. వెటకారం సంగతి పైన చెప్పా. దాని గురించి నాకో అనుమానం ఉంది. మా టీమ్‌లో ఒకడు ఇంటర్ దాకా తబలా నేర్చుకున్నాడు. ఒకడు జిల్లా స్థాయి క్రికెట్ ఆడాడు. ఒకామె ఒకప్పుడు కథలు రాసేది. అందరూ బీటెక్‌లో వదిలేశారు. వాళ్లకు నా బొమ్మ బొమ్మలా కనపడటం లేదు, తాము వదిలేసినదాని రసీదులా కనపడుతోంది. ఇది అర్థమైన రోజు నుంచి "నీకు టైమెట్ల దొరుకుతది" అన్నవాడి మీద కోపం రావడం తగ్గింది. కోపం తగ్గింది గానీ, రోజూ స్టాండప్‌లో పదిమంది ముందు "ఆర్టిస్టు గారు" అనిపించుకోవాల్సిన పని నాకేం లేదు. ఒకరోజు క్యాంటీన్‌లో ఒక్కణ్నే పక్కకు పిలిచి, "అన్నా, నాకు పేరుంది, మీటింగ్‌ల ఆ పేరు పెట్టి పిలువు" అన్నా. అందరి ముందూ అనుంటే వాడూ అందరి ముందే జవాబు చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు పేరు పెట్టే పిలుస్తున్నాడు. కొంచెం గట్టిగా పిలుస్తున్నాడు, అంతే.

ఇంకో రకం మరీ మంచివాళ్లు. "తమ్మీ, మా బాబు బర్త్‌డేకు ఓ చిన్న బొమ్మ, నీకెంతసేపు?" "ఫేర్‌వెల్ కార్డు వేసెయ్, నీకెంతసేపు?" ఈ "నీకెంతసేపు" కంటే నాకు వెటకారమే నయం. నా జవాబు ఒకటే: "వేస్తానన్నా. ఇంత అవుతది, మూడు వారాలు పడ్తది." రేటు వినగానే సగం మందికి కళాభిమానం తగ్గుతుంది. మిగతా సగం నిజమైన కస్టమర్లు.

ఇంతవరకూ చిన్న సంగతులే. అసలు సంగతి వేరే ఉంది. క్యాలెండర్లు అమ్ముడైన రెండు వారాలకు ఓ కొలీగ్ మేనేజర్ చెవిన వేశాడు, "సైడ్ బిజినెస్ నడుస్తుంది సార్. మూన్‌లైటింగ్." ఆ మాట ఎంత బరువో ఐటీలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2022 ఆగస్టులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ మూన్‌లైటింగ్ అంటే మోసమేనని ట్వీట్ చేశారు. పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారని 300 మందిని తీసేశామని సెప్టెంబర్‌లో చెప్పారు. అదే సెప్టెంబర్‌లో రెండు పడవల ప్రయాణం కుదరదని ఉద్యోగులను హెచ్చరించిన ఇన్ఫోసిస్, అక్టోబర్ నాటికి, కంపెనీకి పోటీ కాని చిన్నచిన్న పనులు ముందస్తు అనుమతితో చేసుకోవచ్చంది. కంపెనీకో రూలు, నెలకో రూలు. మనకు మాత్రం ప్రతి నెలా 5న ఈఎంఐ.

శక్కర్‌నగర్ పొగగొట్టం బొమ్మ ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోటీ? అని మీరు అడగొచ్చు. నిజమే, కానీ అది మనం అనుకుంటే చాలదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో "ఇతర ఆదాయం, ఇతర వ్యాపకాలు" అని ఓ పేరా ఉంటుంది. చేరిన రోజు ఎవరూ చదవని పేరా అది. ప్రింటింగ్‌కు ఇచ్చే ముందే నేను అది చదివి హెచ్‌ఆర్‌కు నాలుగు లైన్ల మెయిల్ పెట్టా. సెలవు రోజుల్లో, నా సొంత సామానుతో గీసిన బొమ్మలతో క్యాలెండర్ వేసి అమ్ముతున్నా, కంపెనీ పేరు ఎక్కడా వాడను, అభ్యంతరం ఉంటే చెప్పండి అని. కంపెనీ పేరు వాడనంతవరకు అభ్యంతరం లేదని రెండు రోజుల్లో జవాబొచ్చింది. మేనేజర్ నన్ను పిలిచినప్పుడు నేను బొమ్మల గొప్పతనం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మెయిల్ ఫార్వర్డ్ చేశా. మీటింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ కొలీగ్‌ది ఇప్పటికీ నా పక్క సీటే. పొద్దున గుడ్ మార్నింగ్ చెప్పుకుంటాం.

హాబీ నుంచి పైసా రాకముందే ఆ పేరా చదవండి, రాతపూర్వకంగా అడగండి. ఇంకోటి, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఉద్యోగంతో సంబంధం లేకుండా గీసింది గీసినవాళ్లది. ఈ గీత చెరిగిపోకుండా ఉండాలంటే బొమ్మ స్కాన్ చేసినా, రీల్ ఎడిట్ చేసినా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు. వచ్చిన డబ్బును ఐటీ రిటర్న్‌లో చూపించండి. చెవిన వేసేవాళ్లకు అక్కడా దారి దొరకొద్దు.

బయట చప్పట్లు మోగుతుంటే ఆఫీసులో జరిగే అన్యాయాన్ని "పోనీలే, నాకు నా బొమ్మలున్నాయి" అని వదిలేయబుద్ధవుతుంది. నేను దీనికి పూర్తి వ్యతిరేకిని. ఆ మధ్య ఓ డెమోలో నేను చేసిన ఫిక్స్‌ను ఇంకొకరు తమదిగా చూపించారు. ఆ సాయంత్రమే టీమ్ థ్రెడ్‌లో రాశా: "ఆ మార్పు మంగళవారం నేను మెర్జ్ చేసింది, లింక్ ఇదిగో. రివ్యూ చేసింది తను." విశేషణాలు లేవు, వెటకారం లేదు. అప్రైజల్ ఫారంలో క్యాలెండర్‌కు గడి ఉండదు కదా, ఈ ఫిక్స్‌కు ఉంటుంది. అలాగే 200 కాపీలు అమ్ముడయ్యాయి కాబట్టి నా కోడ్ బాగున్నట్టూ కాదు. పక్క సీటు వాళ్లు నా పుల్ రిక్వెస్ట్‌లో తప్పు పడితే అది అసూయ కాదు, చాలాసార్లు నిజంగానే తప్పు.

ఆఫీసు గ్రూపులో బొమ్మలు పెట్టడం ఇప్పుడు మానేశా. దాచడం లేదు, అడిగితే చూపిస్తా. అక్కడి లైకుల కోసం గీసింది కాదు కదా. రెండు పేర్లతో బతికినవాళ్లు మన సాహిత్యంలోనూ ఉన్నారు. 'బీనాదేవి' కథలు రాసింది ఎవరో తెలుసా? న్యాయమూర్తిగా పనిచేసిన బి.నరసింగరావు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ. కోర్టులో ఓ పేరు, కథ కింద ఇంకో పేరు.

మొన్న నిజామాబాద్ ఖిల్లా గీస్తుంటే దాశరథి గుర్తొచ్చాడు. నిజాం పాలన చివరి రోజుల్లో ఆయన్ను అక్కడి జైల్లోనే పెట్టారు. కాగితం లేక బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి తోడున్నాడు. మా స్టాండప్ మీటింగ్‌ను ఆ జైలుతో పోల్చేంత తెలివితక్కువవాణ్ని కాదు. నాకు ఆ తోడు మీదే ధ్యాస. నాకు ఆఫీసులో అలాంటి వాళ్లు ఒక్కరున్నారు, టెస్టింగ్ టీమ్‌లో అక్క. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పనిచేశాడు. సోమవారం లంచ్‌లో స్కెచ్‌బుక్ తిరగేసి, "ఈ గోడ ఇంత తెల్లగ ఎప్పుడూ లేదు" లాంటి మాటొకటి అని డబ్బా మూత తీస్తుంది. నాకు అది చాలు.

పోయిన వారం హెచ్‌ఆర్ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. రిసెప్షన్ గోడ ఖాళీగా ఉందట, శక్కర్‌నగర్ బొమ్మలు నాలుగు పెద్ద సైజులో కావాలట, "మన ఆర్టిస్టే కదా" అని ఓ స్మైలీ. రేటు, ఫ్రేము ఖర్చు, కాపీరైట్ నాదే అన్న లైను కలిపి కొటేషన్ పంపా. ఇంకా రిప్లై రాలేదు.