ఎరువుల సొమ్ము



ముప్ఫై మూడేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. పాత అలవాటు కొద్దీ ఒక మాట అర్థంతో మొదలుపెడతాను. ‘ఎరువు’ అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. ఒకటి, పొలానికి వేసే సత్తువ. రెండవది, ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న వస్తువు, అనగా తిరిగి ఇచ్చివేయవలసినది. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అన్న సామెతలో ఉన్నది ఈ రెండవదే. వ్యుత్పత్తుల సంగతి ఎలా ఉన్నా, నేల విషయంలో ఈ రెండర్థాలూ ఒక్కటే. పంట రూపంలో నేల నుంచి మనం తెచ్చుకున్నది ఎరువుల సొమ్ము. దాన్ని తిరిగి ఇచ్చివేయడమే ఎరువు వేయడం.

ఈ బాకీ ఎగవేస్తున్నది ఎవరు? మన చదువుకున్నవాళ్ళ సమాధానం సిద్ధంగా ఉంటుంది: రైతు. అతడికి తెలియదట. యూరియా కుమ్మరిస్తాడట, గడ్డి తగలబెడతాడట, భూమాత ఉసురు పోసుకుంటాడట. నిరుటి వరకూ నేనూ ఈ పాటే పాడాను. ఈ టపా నన్ను నేను ఖండించుకోవడానికి రాస్తున్నాను. మీలో కొందరికి కూడా తగిలితే మరీ మంచిది.

గోదావరి కాలువ కింద మా నాయనగారు వదిలివెళ్ళిన రెండెకరాలున్నది. ఆయన ఉన్నన్నాళ్ళూ దాళ్వా గడ్డి మేటు వేసేవారు. అది పశువులు తిని, పెంటపోగులో చేరి, మళ్ళీ చేలోకే వెళ్ళేది. తొలకరికి జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లి, పూతకు రాగానే దమ్ములో తొక్కించేవారు. నేను ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగాను. పొలం కౌలుకిచ్చాను. ఏడాదికి ఇన్ని బస్తాలని నోటిమాట. ఏటేటా ఎవరు ఒక బస్తా ఎక్కువ ఇస్తామంటే వారికే. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది కౌలుదార్లు మారారో వేళ్ళ మీద లెక్కపెట్టబోతే రెండు చేతులూ చాలలేదు.

నిరుడు వైశాఖంలో ఊరు వెళ్ళాను. సాయంకాలం చేను వైపు నడిస్తే పొగ. కోతయంత్రం వరుసలుగా వదిలిన గడ్డికి మా కౌలుదారు నిప్పు పెట్టి గట్టు మీద నిలబడి ఉన్నాడు. నాలోని పంతులు లేచాడు. గడ్డిలోని కర్బనమూ నత్రజనీ పొగలో పోతాయనీ, మిగిలే బూడిదలో కాస్త పొటాషు తప్ప నేలకు దక్కేది లేదనీ పాఠం చెప్పాను. సాంతం విన్నాడు. విని ఇలా అన్నాడు:

“అయన్నీ నాకూ తెలుసండి మేస్టారూ. జీలుగ వెయ్యాలంటే విత్తనం కొనాలి, ఒక దుక్కి ఎక్కువ దున్నించాలి, నలభై అయిదు రోజులు ఆగాలి. దాని సత్తువ రెండో ఏడో మూడో ఏడో తెలుస్తాది. అప్పటికి ఈ చేను నా చేతిలో ఉంటాదని మీరు చెప్పగలరాండీ?”

నేను చెప్పలేకపోయాను. అప్పటికే మరొకతను ఒక బస్తా ఎక్కువిస్తానని కబురంపి ఉన్నాడు.

చూడండి, అతని లెక్కలో తప్పేమున్నది? 45 కిలోల యూరియా బస్తాలో ఇరవై కిలోలకు పైగా నత్రజని. వేసిన వారానికే చేను నల్లబడుతుంది. పైగా 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దాని పరిధిలోకి తేలేదు. మిగతా ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా మాత్రం చవకగా నిలిచింది. కౌలుదారుకు ఏడాదే గడువు. ఏడాదిలో ఫలమిచ్చేదే అతను వేస్తాడు. సేంద్రియ కర్బనం పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పెరిగినదాన్ని అనుభవించేది ఎవరు? తరువాతి కౌలుదారు, లేదా ఎక్కువ కౌలు అడగగలిగే నేను. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె’ అన్నారు. మా చేను ఉమ్మడిది కూడా కాదు, ఎవరిదీ కాదు. పత్రం నాది, చెమట అతనిది, నేల బాగోగులు ఎవరివీ కావు.

2015లో మొదలైన భూసార పరీక్షల పథకం కింద మా పొలానికీ కార్డు వచ్చింది. సేంద్రియ కర్బనం 0.42 శాతం. అర శాతం లోపు ఉంటే ‘తక్కువ’ కిందే లెక్క. ఆ కార్డు నా పేరున వచ్చి నా బీరువాలో ఉన్నది. దున్నేవాడు దాన్ని చూడనేలేదు.

చట్టాల సంగతీ చూద్దాం. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, తరువాతి సవరణలతో, కౌలుకు కనీసం ఆరేళ్ళ గడువు చెప్పింది. ఆ గడువుకు భయపడే మనం కాగితం మానేసి నోటిమాటకు దిగాం. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో ఆ గడువు పదకొండు నెలలయింది. దానికీ యజమాని సంతకం కావాలి. యాజమాన్య హక్కుకు భంగం లేదని ఆ చట్టమే చెప్పినా సంతకానికి చేతులు రాని పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు. వారు ఉగాదికి భూమాత మీద పద్యాలు చదువుతారు. తల్లి అని పిలుస్తూ ఏడాదికొకరికి వేలం వేయడం ఏ సంస్కారమో వారే చెప్పాలి.

‘ప్రకృతి సేద్యం ఉన్నది కదా’ అంటారు. ఉన్నది. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో దశాబ్ద కాలంగా మన రాష్ట్రంలో జరుగుతున్నది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచమనే ఆ పద్ధతి నాకు నచ్చింది. కాని వచ్చే ఏడు తనది కాని చేలో నవధాన్యాలు చల్లేదెవరు?

‘యూరియా ఆపితే శ్రీలంక అవుతాం’ అని మరికొందరు. నిజమే. 2021లో వారు రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క పెట్టున నిషేధించి, పంటలు దెబ్బతిని, ఆ ఏడు నవంబరులోనే వెనక్కు తగ్గారు. నేల ఉత్తరువులకు లొంగదని దీనివలన తేలింది. నేనడిగేది నిషేధం కాదు, వ్యవధి.

నేను చేసింది చిన్న పని. అదే కౌలుదారుకు ఐదేళ్ళకు కాగితం రాసిచ్చాను. షరతులు రెండే: గడ్డి కాల్చరాదు, ఏటా తొలకరికి పచ్చిరొట్ట వేసి దున్నాలి. బదులుగా కౌలులో ఎకరాకు రెండు బస్తాలు తగ్గించాను, జీలుగ విత్తనం ఖర్చు నాది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోనులో కేకలేశాడు, “మధ్యలో అమ్మవలసి వస్తే ఎలా నాన్నా?” అని. అమ్మితే కొన్నవాడికి మంచి నేల దక్కుతుంది, అందులో మనకు పోయేదేమిటన్నాను. అతనికి రుచించలేదు. నాలుగు బస్తాల నష్టం నాకూ తీపిగా లేదు. ఐనా ఇరవై రెండేళ్ళు తిన్నదాని మీద అది వడ్డీకి కూడా చాలదు.

ఇది చదువుతున్న మీలో హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటూ, ఊళ్ళో పొలం కౌలుకిచ్చినవారు తక్కువేం కాదని నా అనుమానం. వ్యాఖ్యలో నన్ను మెచ్చుకోనక్కరలేదు. మీ చేను ఇప్పుడు ఎవరు చేస్తున్నారో, వారి చేతిలో ఎన్నేళ్ళు ఉంటుందో రాయండి. ఆ పేరు మీకు తెలియకపోతే భూమాత గురించి మాట్లాడే ముందు ఊరికి ఒక ఫోను చేయండి.