చెయ్యి లేపడం ఎవరు నేర్పాలి?

క్యాన్సర్ వైద్యం అంటే మనకు తెలిసినవి మూడు: ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఇవి పేద ఇళ్లకు కొంతైనా అందుబాటులోకి వచ్చాయి. అవి దొరకడమే గగనమనుకున్న మనకు నాలుగోది ఒకటుందని, అదీ కావాలని అడగడం గొంతెమ్మ కోరికలా అనిపించవచ్చు. ఆ నాలుగోది వ్యాయామం. చికిత్స జరుగుతుండగా ఒంటిని ఎలా కదిలించాలో, ఏ లక్షణం కనిపిస్తే ఏం చెయ్యాలో రోగికి నేర్పడం. ఇది డాక్టరుగారి దయకో, రోగి ఓపికకో వదిలేసే విషయం కాదనీ, చికిత్సలో భాగంగా అందవలసిన హక్కనీ నా అభిప్రాయం.

మన దేశంలో ఆడవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్నది రొమ్ము క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో సుమారు 1,92,000 మంది కొత్తగా దీని బారిన పడ్డారు. నేనూ ఆ జబ్బుకు వైద్యం చేయించుకున్నదాన్నే. రొమ్ముతో పాటు చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రల పేర్లున్నాయి, కుట్లు విప్పే తేదీ ఉంది. చెయ్యి గురించి ఒక్క ముక్క లేదు. "బరువులెత్తకమ్మా" అని మాత్రం అన్నారు. ఎంత బరువు? ఎన్నాళ్లు? నీళ్ల బిందె సంగతేమిటి, చంటిపిల్లల సంగతేమిటి? నెల తిరిగేసరికి జడ వేసుకోవడానికి గానీ, దండెం మీద చీర ఆరేయడానికి గానీ నా చెయ్యి లేవలేదు.

చంకలో గ్రంథులు తీసేస్తే చేతిలోని ద్రవం వెనక్కి పోయే దారులు తగ్గిపోతాయి. కొందరికి చెయ్యి వాస్తుంది. గాజులు బిగుస్తాయి, రవిక పట్టదు. భయపడి కదపకుండా ఉంచితే భుజం పట్టేస్తుంది. గోడ మీద వేళ్లు పాకిస్తూ చేతిని పైకి తీసుకెళ్లడం, భుజాలు తిప్పడం, మెత్తటి బంతి పిసకడం వంటివి ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతవరకు చెయ్యాలో చూపించడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. తెలిసిన మనిషి కావాలి, కాస్త సమయం కావాలి. బరువుల మాటకొస్తే, అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మంది స్త్రీలతో అమెరికాలో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. శిక్షణతో, కొద్దికొద్దిగా పెంచుతూ వారానికి రెండుసార్లు బరువులెత్తినవాళ్లకు వాపు పెరగలేదు. పైగా వాపు తిరగబెట్టడం తగ్గింది.

కీమో రోజుల్లో వచ్చే నీరసం పడుకుంటే తీరేది కాదు. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున మోస్తరు వేగంతో నడిచినా ఆ నీరసం, దిగులు, ఆందోళన తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి తేల్చి చెప్పింది. నయం చేసే ఉద్దేశంతో చికిత్స చేస్తున్న రోగులకు వ్యాయామం సూచించాలని 2022లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం తన డాక్టర్లకు చెప్పింది.

2025లో వెలువడిన మరో అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆరోగ్యం గురించిన పుస్తకాలిచ్చారు. రెండో భాగానికి వాటితో పాటు మనిషిని పెట్టి మూడేళ్లపాటు వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే మొదటివాళ్లలో నూటికి 83 మంది, రెండోవాళ్లలో నూటికి 90 మంది బతికి ఉన్నారు. "రోజూ నడవండి" అని కాగితం చేతిలో పెడితే చాలదని దీన్నిబట్టి అర్థమవుతోంది. తోడుండే మనిషి కావాలి.

"మన ఆడవాళ్లకు వేరే వ్యాయామం దేనికి, పొద్దస్తమానం పనేగా" అనే మాట ఈ సందర్భంలో తప్పకుండా వస్తుంది. ఇంటిచాకిరీ వ్యాయామం కాదు. వ్యాయామాన్ని మన శక్తినిబట్టి మొదలుపెడతాం, మెల్లగా పెంచుతాం, అలసిపోతే ఆపుతాం. చాకిరీని ఆపడం మన చేతుల్లో ఉందా? చుట్టాలు చూడటానికి వచ్చినన్నాళ్లు "మంచం దిగొద్దు" అంటారు. వాళ్లు వెళ్లిపోగానే పొయ్యి మనకోసం ఎదురుచూస్తుంటుంది. అంటే స్త్రీకి విశ్రాంతీ లేదు, వ్యాయామమూ లేదు. ఇంటిపని మగవాళ్లు పంచుకోకుండా రోగిని అరగంట నడవమనడం ఆమె మీద ఇంకో పని వెయ్యడమే.

"నీ ఆరోగ్యం నీ చేతుల్లోనే" అనే నినాదాన్ని కూడా నేను అనుమానంగానే చూస్తాను. జబ్బు గురించి తెలుసుకుని తనను తాను చూసుకోగలగడం స్త్రీకి బలమే. కానీ ఏమీ నేర్పకుండా ఆ మాట చెబితే, జబ్బు తిరగబెట్టిన రోజున నేరం ఆమె మీదే పడుతుంది. జబ్బు ఎముకలకు పాకినా, రక్తకణాలు బాగా పడిపోయినా, జ్వరం, ఆయాసం ఉన్నా ఏది చెయ్యవచ్చో ఏది కూడదో తెలిసినవాళ్లు చూసి చెప్పాలి. సెల్‌ఫోనులోని వీడియో ఆ పని చెయ్యలేదు. వెంట్రుకలు రాలిన తల మీద కొంగు కప్పుకుని, వీధిదీపం లేని రోడ్డు మీద నలుగురి చూపుల మధ్య నడవమంటే ఎవరు నడుస్తారు? వీధిలో భయం లేకుండా నడిచే హక్కు కూడా ఈ వైద్యంలో భాగమే.

ఈ పనిని స్త్రీలే మొదలుపెట్టిన చరిత్ర ఉంది. అమెరికాలో 1952లో రొమ్ము ఆపరేషన్ అయిన టెరీస్ లాసర్, తనకెవరూ చెప్పని విషయాలను మిగతా ఆడవాళ్లకు తానే ఆసుపత్రికి వెళ్లి చెప్పింది, చేతి వ్యాయామాలు చూపించింది. ఆ కార్యక్రమాన్ని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన కిందికి తీసుకుంది. మనకు ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. అప్పుల లెక్కలు చూసుకునే చోటే, వైద్యం చేయించుకుంటున్న ఇద్దరు ముగ్గురికి నడకలో తోడు కుదర్చడం మనకు సాధ్యమే. అయితే మనం చేస్తున్నాం కదా అని ప్రభుత్వం తప్పుకోకూడదు.

అందుకని మనం అడగవలసినవి ఇవి. రొమ్ము ఆపరేషన్ అయిన ప్రతి స్త్రీకీ ఇంటికి పంపేముందే ఫిజియోథెరపిస్టు వార్డుకు వచ్చి వ్యాయామాలు చేయించి చూపాలి. చదువురానివాళ్లకూ అర్థమయ్యేలా బొమ్మలతో తెలుగులో కాగితం ఇవ్వాలి. ఊళ్లో కనిపెట్టుకుని ఉండేలా ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి, ఆ పనికి అదనపు వేతనం ఇవ్వాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఆపరేషన్‌కు కట్టే డబ్బులోనే ఈ శిక్షణకు ఖర్చు చూపించాలి, అది జరిగిందని రోగి సంతకం చేశాకే బిల్లు చెల్లించాలి. ప్రాణం నిలబెట్టామని చెప్పుకునే వైద్యం, ఆ ప్రాణంతో ఆమె తన జడ తాను వేసుకోగలుగుతోందా అని కూడా చూడాలి.