ఖాళీగా ఉంటేనే వరద కట్ట

ఎత్తిపోతల దగ్గర డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకే చంద్రవంకను చూస్తే ఏడాది పొడవునా పారే ఏరనిపిస్తుంది. వేసవిలోనూ అక్కడ ధార ఆగకపోవడం సాగర్ కుడి కాలువ నీళ్ల పుణ్యం. స్వతహాగా అది వాన ఏరు, గట్టి వాన పడితే గంటల్లో పొంగుతుంది. ఇలాంటి ఏరు ఊరి మీద పడ్డప్పుడల్లా పైన ఓ చిన్న మట్టికట్ట వేస్తే సరిపోతుందంటారు. వేయొచ్చు. వానాకాలమంతా దాన్ని ఖాళీగా ఉంచేదెవరు?

ఒక లెక్క చూద్దాం. యాభై చదరపు కిలోమీటర్ల పరీవాహకం నుంచి 100 మిల్లీమీటర్ల నీరు పారి వస్తే 50 లక్షల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 0.18 టీఎంసీ. సరిగ్గా అంతే పట్టే కట్ట ఆగస్టు నాటికే ముప్పాతిక నిండి ఉంటే ఆపగలిగేది పావు వంతు. మిగతాదంతా అలుగు దూకాల్సిందే. మెట్టలో మిరప, పత్తి వాడిపోతుంటే, నిండిన నీళ్లు వదిలేద్దామని రైతుకు ఏ ఇంజినీరు చెబుతాడు? చెప్పినా ఏ ఎమ్మెల్యే ఊరుకుంటాడు?

అమెరికాలో ఈ తగవును డిజైన్‌లోనే తీర్చారు. 1948లో ఓక్లహోమాలో మొదలుపెట్టి, దేశమంతటా 11 వేలకు పైగా ఇలాంటి కట్టలు వేశారు. మామూలుగా వాటి తూముకు గేటుండదు. ఒక మట్టం దాటిన నీరు, దిగువ ఏరు మోయగలిగినంత మేరకు, దానంతటదే వెళ్లిపోతుంది. గేటే లేనప్పుడు మూయమని ఒత్తిడి చేసేదేముంది!

మనకేమో గేట్ల మీద నమ్మకం. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు ఐదు గేట్లలో ఒకటి లేవనే లేదు. పులపుత్తూరు, మందపల్లి ఆ దెబ్బ తిన్నాయి. 2024 జులై 18న అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు కట్ట తెగింది. కట్ట ఉన్నది తెలంగాణలో, మునిగినవాటిలో ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు మండలం ఊళ్లున్నాయి, ఆయకట్టులో ఎక్కువ భాగమూ ఇటువైపే.

కాంక్రీటు ఆనకట్ట మీదుగా నీరు దూకినా నిలబడొచ్చు, మట్టికట్ట మాత్రం కోసుకుపోతుంది. అందుకే అలుగు వెడల్పులో పిసినారితనం పనికిరాదు. తెగే ముందు కొన్నిసార్లు కట్ట సూచన ఇస్తుంది కూడా. వెనక వాలులో ఊరే నీరు తేటగా ఉంటే మరీ కంగారు అక్కర్లేదు. బురదగా వస్తే లోపల మట్టి కదులుతోందని అర్థం. సర్కారు తుమ్మ కమ్మేసిన వాలు మీద ఆ తడి ఎవరికి కనబడుతుంది?

2021 నాటి ఆనకట్టల భద్రత చట్టం ప్రధానంగా 15 మీటర్లు దాటినవాటికి; 10 నుంచి 15 మీటర్ల మధ్యవి కొన్ని షరతులకు లోబడే దాని కిందకు వస్తాయి. పది మీటర్ల లోపు ఊరి కట్ట ఆ లెక్కలోకే రాదు. కాబట్టి చంద్రవంక మీదైనా మరే వాగు మీదైనా వరద కట్ట మంజూరు చేసేటప్పుడు ఏటా తుమ్మ కొట్టే ఖర్చు, కట్ట మీద తిరిగే లస్కరు జీతం ఏ పద్దులో పెడతారో అంచనాల్లోనే రాయాలి. శంకుస్థాపన రాయి సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.