మా అమ్మ దులిపిన 'అమ్మ'

మా అమ్మకు అక్షరం రాదు. అయినా రష్యా నవలలను ఆమె ముట్టినన్ని సార్లు వరంగల్‌ల ఏ మేధావీ ముట్టి ఉండడు.

హనుమకొండల ఒక కామ్రేడ్ సారు ఇంట్ల బాసండ్లు తోమేది. అద్దాల బీరువల టాల్‌స్టాయ్, తుర్గేనెవ్, గోర్కీ. బొమ్మలున్న పాత ప్రతులు. ఆదివారం ఆదివారం ఒక్కొక్కటి తీసి, పాత చీరముక్కతో దులిపి పెట్టేది. ఆమెకు చాయ పోసే సత్తు గిలాస మాత్రం వెనక గోడ మీద వేరుగ ఉండేది. పుస్తకాలకు లేని అంటు గిలాసకు ఎట్లొచ్చిందో పదేండ్లప్పుడు నాకు సమజ్ కాలేదు.

గోర్కీ 'అమ్మ' అట్ట చూసి, "ఎవరో ముసలామె బిడ్డా, నెత్తికి రుమాలు కట్టింది" అనేది. ఆ ముసలామె నిలోవ్నా. చదువురాని కార్మికుని భార్య. నడి ఈడుల అక్షరాలు నేర్చుకుంటది, కొడుకు బాటల నడిచి కరపత్రాలు మోస్తది. ఆ కథకు కండ్లనీళ్ళు పెట్టుకున్న సారు, ఆ పుస్తకం దులిపే మనిషికి దాని పేరుల ఉన్న రెండక్షరాలు నేర్పలేదు.

1861లో రష్యాలో అర్ధబానిసలకు విముక్తి దొరికిన సంగతి ఆయనకు నోటికొచ్చు. మన దగ్గర వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చిన సంగతీ తెలుసు. తెలువనిదల్లా వెనక గోడ మీది గిలాసే.

నేను రష్యా నవలలకు పగదాన్ని కాదు. నిలోవ్నా మా మాదిగవాడ మనిషే. నా కొట్లాట బీరువతోటి.

1991లో సోవియట్ యూనియన్ కూలింది. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళభండి వెంకటేశ్వరరావు లాంటోళ్ళు మాస్కోల కూసోని తెలుగు చేసిన పుస్తకాలు ఒకప్పుడు చవుకగ దొరికేవి. ఇయ్యాల అవి అపురూప వస్తువులు. బొమ్మలు చెడలేదా, అట్ట ఊడలేదా, ఎవరన్న పేరు రాసిన్రా అని అడుగుతున్నరు. ఎవరూ ముట్టని ప్రతికే ఎక్కువ ధర అట! ఈ దేశంల ముట్టనితనానికి ఎక్కడైనా విలువే.

సేకర్తలారా, గోర్కీ 'అమ్మ' రాసిన 1906లోనే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టిండు. మా పిల్లలకు బళ్ళు తెరిచిండు. ఆయన 'భాగ్యనగర్' పత్రిక సంచికల కోసం మీరెన్ని ఆదివారాలు తిరిగిన్రు?

సారు పోయినంక పిల్లలు బీరువను తూకానికి అమ్మిన్రు. మా అమ్మ తన జీతంల పట్టుకొమ్మని ఆ ఒక్క పుస్తకం అడిగి తెచ్చింది. మొన్న ఒకాయన ఇంటికొచ్చి మూడువేలు ఇస్తనన్నడు. అమ్మను అమ్మనన్న.

అదిప్పుడు నా బడిల ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు చదువుతున్నరు. బొమ్మల మీద చేతుల మరకలు పడ్డయి. మొదటి పేజీల, నేను చేయి పట్టి దిద్దిస్తే, మా అమ్మ పెన్సిల్‌తో రెండక్షరాలు రాసింది. వంకరగ ఉన్నయి.

ఇగ మీ బజార్ల దానికి ధర రాదు. రావద్దు కూడ.