ట్రంకుపెట్టెలో ఉన్న మనిషి

పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్ మ్యూజియంలో ఒక జత కళ్లద్దాలున్నాయి. అవి పగిలాయి, వాటి మీద నెత్తుటి మరకలున్నాయి. జోగేంద్రనాథ్ సేన్‌వి అవి. చదువు కోసం ఇంగ్లండులోని లీడ్స్ వెళ్లి, 1914లో అక్కడి వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటులో చేరి, 1916 మే నెలలో ఫ్రాన్సులో ప్రాణం విడిచాడు. ఇంజినీరింగ్ చదివినా కడదాకా మామూలు సిపాయిగానే ఉన్నాడు. ఆ కళ్లద్దాలను ఇంటివాళ్లు పారేయకుండా దాచారు కాబట్టి నూరేళ్ల తర్వాత చరిత్రకారులు ఆయన కథ రాయగలిగారు.

మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి సముద్రం దాటి వెళ్లినవాళ్లు పది లక్షలకు పైనే. వాళ్లు రాసిన, రాయించుకున్న ఉత్తరాలు ఊళ్లకు చేరాయి, చెదలు తిన్నాయి, పొయ్యిలోకి పోయాయి. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాబుల గురించి నేడు మనం చదువుకునేదంతా చాలావరకు సెన్సారు అధికారులు అనుమానంతో ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి పెట్టుకున్న ముక్కలే. కొడుకు రాసిన మాట తల్లి దగ్గర మిగల్లేదు. దొరల నిఘా ఫైళ్లలో మిగిలింది.

ఇప్పుడు మన ప్రభుత్వం మన దగ్గరే ఉంది. అయినా పోయిన జవాను గురించి మనం దాచుకుంటున్నది ఏమిటి? 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో పాతికవేలకు పైగా పేర్లు గ్రానైటు మీద చెక్కారు. సూర్యాపేటలో కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. ఊరి బడికి పేరు, వీధికి పేరు, వర్ధంతినాడు పూలదండ. ఇవి అక్కర్లేదని కాదు. కానీ రాయి మీద పేరు ఆయన ఉన్నాడని చెబుతుంది, ఎలాంటివాడో చెప్పదు.

అది చెప్పేది ట్రంకుపెట్టె. జవాను చనిపోతే అతని సొంత సామాను లెక్కగట్టి వారసులకు అప్పగించడానికి సైన్యంలో ఒక పద్ధతి ఉంది. 1950లో దానికి చట్టమే చేశారు. గడియారం, పర్సు, షేవింగు సామాను, మడతలు నలిగిన ఉత్తరాలు, దేవుడి బొమ్మ జాబితా ప్రకారం ఇంటికొస్తాయి. అక్కడితో సర్కారు బాధ్యత తీరుతుంది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదనే పట్టింపు మన ఇళ్లలో చాలాచోట్ల ఉంది. అంత పట్టింపున్న తల్లులు కూడా యూనిఫాం దగ్గరికొచ్చేసరికి ఆచారాన్ని పక్కన పెడతారు. ఏ శాసనమూ చెప్పకుండానే వాళ్లు చేస్తున్న పని అది.

హైదరాబాదులో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య సంగతి చూడండి. కార్గిల్ యుద్ధంలో 2వ రాజపుతానా రైఫిల్స్‌తో ద్రాస్ కొండలెక్కి 1999 జూన్ 28న అమరుడయ్యారు. మహావీరచక్ర వచ్చింది. అంతకు తొమ్మిది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, కడుపుతో ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరారు, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బుతాయని. పతకం వెంట చదివే ప్రశంసాపత్రంలో శత్రు బంకర్లుంటాయి, ఈ మనిషి ఉండడు. ఆ తర్వాత పుట్టిన కూతురు పెరిగి పెద్దయి, ఇంటివాళ్ల జ్ఞాపకాలు పోగుచేసి పుస్తకంగా తెచ్చింది. నాన్నను చూడని పిల్లకు నాన్న దొరికిన దారి అది.

అయితే అది చదువూ వెసులుబాటూ ఉన్న ఇల్లు. పతకం రాని సిపాయి తల్లి పుస్తకం ఎలా వేస్తుంది? పశ్చిమగోదావరిలో ‘మిలిటరీ మాధవరం’ అనే పేరు తెచ్చుకున్న ఊరుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచి సైన్యానికి మనుషుల్నిస్తున్న ఊరు. అలాంటి ఊళ్లలో ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అని రాసిన కవర్లు ఎన్ని అటకల మీద ఉన్నాయో ఎవరూ అడగలేదు. లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియం 1917లో, యుద్ధం సాగుతుండగానే పుట్టింది. చనిపోయినవాళ్ల ఫొటోలు పంపమని కుటుంబాలను అప్పుడే అడిగింది. పతకాలు వచ్చాయా రాలేదా అని చూడలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మనవాళ్లు సేకరణ మొదలుపెడితే వీరత్వం ఒక్కటే ఏరుకుంటారని నా భయం. సెలవు దొరకలేదని విసుగు, చెల్లి పెళ్లి అప్పు, చిట్టీ డబ్బు కట్టారా అనే ఆరా, మోకాలి నొప్పి ఉంటాయి నిజమైన ఉత్తరాల్లో. వాటిని ‘అప్రధానం’ అని తీసేస్తే మిగిలేది మళ్లీ విగ్రహమే. అమెరికాలో వియత్నాం యుద్ధ స్మారకం దగ్గర జనం పెట్టిపోయే వస్తువులను అక్కడి ఉద్యానవనాల శాఖ భద్రం చేస్తోంది. బూట్లు, సిగరెట్లు, ఒకసారి ఏకంగా మోటారు సైకిలు. చిల్లరగా కనిపించేవాటినీ వాళ్లు పారేయలేదు.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుది కాదు. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, కుటుంబాల చిరునామాలు వాటి దగ్గరే ఉంటాయి. అక్కడివాళ్లు పింఛను కాగితాల కోసం ఆ ఇళ్లతో ఎలాగూ మాట్లాడతారు. స్కానరు, రికార్డరు పట్టుకుని ఒక మనిషి ఇంటికి వెళ్లాలి. ఉత్తరాలకు అక్కడే నకలు తీసి, ‘ఇది ఎప్పటిది, ఎవరు కొనిచ్చారు’ అని తల్లినో అన్ననో అడిగి గొంతు రికార్డు చేసి, అసలు వస్తువును వాళ్ల చేతుల్లోనే పెట్టి రావాలి. నకళ్లు రాష్ట్ర పురాభిలేఖాగారానికి చేరాలి. పనిలోపనిగా ఉత్తరాలకు, పాత ఫొటోలకు లామినేషన్ చేయించవద్దని కూడా చెప్పాలి. భద్రమనుకుని వేడికి అంటించిన ఆ ప్లాస్టిక్ పొరను మళ్లీ ఊడదీయడం కాగితాన్ని చంపడమే.

ఇప్పటి జవాన్లు ఉత్తరాలు రాయరు. వాళ్ల మాటలు ఫోన్లో ఉన్నాయి. పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. సిమ్ రీచార్జి ఆగితే ఆ నంబరు కొన్నాళ్లకు ఇంకొకరిది అవుతుంది. వాడని వాట్సాప్ ఖాతా దానంతటదే తొలగిపోతుంది. 1999 నాటి ఉత్తరం పాతికేళ్లు ఆగింది, నిన్నటి వాయిస్ మెసేజి ఏడాది ఆగదు. అందుకే ఈ పనికి ముందు వెళ్లాల్సింది ఇటీవల కొడుకును పోగొట్టుకున్న ఇళ్లకే. అంత దుఃఖంలో ఎలా అడుగుతామనేది న్యాయమైన ప్రశ్న. ఆ మాట అడగడానికి అదే యూనిట్ నుంచి వచ్చిన తోటి జవానును మించినవాడు ఉండడు. వద్దంటే లేచి వచ్చేయాలి.

వస్తువులు భార్య దగ్గర ఉండాలా, తల్లిదండ్రుల దగ్గరా అనే తగాదాలు మన సమాజంలో కొత్తవి కావు. వాటిని తీర్చే అధికారం ఏ మ్యూజియానికీ లేదు. నకళ్లు మాత్రం రెండిళ్లకూ ఇవ్వొచ్చు.