ఆకురాయి అరగలేదు మహాప్రభో!

వారాంతాల్లో ఇత్తడి ముక్కలు అరగదీసే సరదా మన సాఫ్టువేరు జనాల్లో కొందరికి ఉంది. మంచిదే. కానీ సన్న ఆకురాయి కాస్త జారగానే చెత్తబుట్టలో పడేసి, ఆన్‌లైన్‌లో కొత్త సెట్టు కొనడమేంటండీ?

చాలాసార్లు అరిగింది పళ్ళు కాదు. వాటి సందుల్లో రజను ఇరుక్కుంది, అంతే. ఇత్తడి, అల్యూమినియం లాంటి మెత్తటి లోహాలతో ఇది మామూలే. అలాగే రుద్దితే పని మీద గీతలు పడతాయి. లాగులతో డిస్కు నిండిందని సర్వరే మార్చేస్తామా?

ఇత్తడి రేకు అంచుతో పళ్ళ వరస వెంబడి తోయండి, రజను బయటికొస్తుంది. ఉక్కు తీగల బ్రష్షుతో అడ్డంగా బరికితే సన్న పళ్ళు పాడవుతాయి. ముందే సుద్దముక్క రుద్దితే రజను అంతగా పట్టదు. తడి తగలనివ్వొద్దు. అన్నీ ఒకే డబ్బాలో కుక్కితే ఒకదాని పళ్ళు ఇంకోటి కొరికేస్తుంది.

"చవకే కదా, ఇంత చాకిరీ ఎందుకు" అంటారా? చిల్పూరు ఉన్న జనగామ జిల్లాలోనే పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వస్తువు చూసి "హ్యాండ్‌మేడ్" అని మురిసిపోతాం, ధర దగ్గర బేరమాడతాం. పనిముట్టును చూసుకోవడమూ పనేనని ఒప్పుకోనివాడికి ఆ ధర ఎప్పటికీ ఎక్కువగానే కనిపిస్తుంది. కాదంటారా?